నూటికి యాభై ఏడు

మొన్న వేలూరు బాగాయంలో మా తమ్ముడి మనవరాలు నా పక్కన కూర్చుని, ఇంగ్లండులో ఎమ్మెస్సీ చదవడానికి తనకు అర్హత ఉందో లేదో ఫోనులో చూసుకుంటూ ఉంది. దేశం పేరు నొక్కింది, తను చదివిన విశ్వవిద్యాలయం పేరు నొక్కింది, వచ్చిన శాతం వేసింది. ఆ క్షణంలోనే, మీ డిగ్రీ మా దగ్గర ఆనర్స్ రెండో తరగతిలో పై మెట్టుకు సమానం, దరఖాస్తు చేసుకోవచ్చు అని తెర మీద వచ్చేసింది. అంతేనా అని నేనడిగితే, "అంతే అవ్వా" అని అది లేచి కాఫీ కలుపుకోవడానికి పోయింది. ఆ ఒక్క మాట రాబట్టుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టిందని దానికి చెబితే నమ్ముతుందా? నా ఈడు వాళ్ళయితే నమ్ముతారని ఇది రాస్తున్నాను.

మాది తమిళనాడులో వేలూరు దగ్గర గుడియాత్తం. నేత వాళ్ళ వీధిలో మా నాయన లుంగీల నూలుకు రంగులు వేసేవాడు. ఆయన చేతులు మోచేతుల దాకా ఏదో ఒక రంగులో ఉండేవి, పండగ పూట కూడా తెల్లగా చూసిన గుర్తు లేదు. ఎరుపు ఒక్కటే ఆయనను ఏడిపించేది. ఉతికినప్పుడల్లా పక్కనున్న తెల్ల చారలోకి దిగి, బట్ట బట్టే వెనక్కి వచ్చేది. అదెందుకు దిగుతుందో ఆయనకు చెప్పేవాళ్ళు లేరు. నేను వేలూరుకు రోజూ బస్సులో పోయి కెమిస్ట్రీ చదివింది చాలావరకు ఆ ఎరుపు కోసమే. బీయస్సీలో నూటికి యాభై ఏడు వచ్చింది, రెండో తరగతి.

ఆ తరువాత పేర్ణాంబట్టులో ఒక తోళ్ళ ఫ్యాక్టరీ ప్రయోగశాలలో రెండేళ్ళు పనిచేశాను. అక్కడ పాత పత్రికల కట్టలో, ఉత్తర ఇంగ్లండులోని ఒక విశ్వవిద్యాలయంలో రంగుల రసాయన శాస్త్రమని ఒక ఎమ్మెస్సీ ఉందని, మనలాంటి దేశాల నుంచి వచ్చే ఆడపిల్లలకు అందులో ఉపకార వేతనం కూడా ఇస్తారని చదివి దరఖాస్తు పంపాను. ఏడు వారాలకు జవాబు వచ్చింది. మీది మూడేళ్ళ డిగ్రీ, అందులోనూ రెండో తరగతి, మా లెక్కలో అది ఆనర్స్ కాదు, ఉత్త పాస్ డిగ్రీకి సమానం, కాబట్టి చేర్చుకోలేము, విచారిస్తున్నాము అని. మొత్తం నాలుగు వరుసలు.

ఆ ఉత్తరం తమిళంలోకి, తెలుగులోకి మార్చి మార్చి నాయనకు చెప్పాను. ఆయన రంగు తొట్టి మీద నుంచి తలెత్తి, "మన యాభై ఏడు వాళ్ళకు యాభై ఏడు కాదంటారా?" అన్నాడు. అవునన్నాను. "ఎందుకు కాదంట?" అన్నాడు. అది రాయలేదు నాయనా అన్నాను. "అయితే అడుగు. అడిగితే ఏం పోతాది?" అని మళ్ళీ పనిలో పడ్డాడు.

మరునాడే వేలూరుకు పోయి మా కెమిస్ట్రీ మేడం ముందు నిలబడ్డాను. ఆవిడది చిత్తూరు పక్క, నాతో తెలుగులోనే మాట్లాడేది. ఉత్తరం రెండుసార్లు చదివి, బీరువాలోంచి ఫలితాల పుస్తకం తీసి, మా తరగతి ముప్ఫై ఒక్కమందిలో మొదటి తరగతి ఒక్కరికే వచ్చిందని, నేను మూడోదాన్నని వేలు పెట్టి చూపించింది. "యాభై ఏడని తల వంచుకుంటావేంది? మన దగ్గర అరవై దాటేది ఎంత కష్టమో వాళ్ళకు యాడ తెలస్తాది? మనమే చెప్పాల" అంది. చెప్పడమంటే మాటలతో కాదు, విశ్వవిద్యాలయం ముద్రతో చెప్పాలని కూడా ఆవిడే అంది.

ఆ ముద్ర మద్రాసులో ఉంది. కాట్పాడిలో రైలెక్కి మూడుసార్లు పోయాను. మొదటిసారి, మార్కుల పత్రం ఇస్తాము గాని ఎంతమంది రాస్తే ఎంతమందికి ఏ తరగతి వచ్చిందో చెప్పే పత్రమంటూ లేదన్నారు. రెండోసారి, సంతకం పెట్టాల్సిన పెద్దాయన సెలవులో ఉన్నాడన్నారు. మూడోసారి ఆఫీసు తలుపులు తీసేసరికే బెంచీ మీద కూర్చుని ఉన్నాను. పెద్దాయన నన్ను చూసి, మళ్ళీ వచ్చావా అని తమిళంలో అడిగాడు. కాగితం ఇచ్చేదాకా వస్తూనే ఉంటాను సార్ అన్నాను. ఆయన టైపిస్టును పిలిచి, లేని పత్రాన్ని అప్పటికప్పుడు తానే చెప్పి టైపు చేయించి ముద్ర వేసి ఇచ్చాడు. దానికి మేడం ఉత్తరం, మూడేళ్ళ పాఠ్యాంశాలు, ప్రయోగశాలలో చేసిన గంటలు అన్నీ చేర్చి మళ్ళీ పంపాను.

ఈసారి జవాబు రెండు పేజీలు. ముందు డిప్లొమాలో చేరండి, ఉపకార వేతనం దానికీ ఇస్తాము, మొదటి పరీక్షల్లో మా ప్రమాణం అందుకుంటే ఎమ్మెస్సీలోకి మారుస్తాము అన్నారు. డిగ్రీ చదివి మళ్ళీ డిప్లొమాకు దిగడమేమిటని ఫ్యాక్టరీలో నవ్వారు. మా చిన్నాన్న అయితే అది అవమానమనే అన్నాడు. నేను సూట్‌కేసు కొనుక్కున్నాను.

అక్కడ మొదటి పరీక్షల్లో అరవై నాలుగు వచ్చింది. వాళ్ళ ప్రమాణం ఎంతో తెలియక, ఇది చాలదేమోనని మెట్ల మీద కళ్ళు తుడుచుకుంటున్నాను. అటుగా వచ్చిన మా పంతులుగారు సంగతి కనుక్కుని, ఇక్కడ డెబ్భై దాటేవాళ్ళు ఏ ఒకరో ఇద్దరో, ఇది చాలా మంచి మార్కు అని చెయ్యి కలిపారు. ఆ వారమే నన్ను ఎమ్మెస్సీలోకి మార్చారు.

చదువు ముగించి వచ్చాక నాయనకు ఎరుపు సంగతి చెప్పాను. నూలుకు పట్టని రంగు దాని మీదే ఊరికే కూర్చుని ఉంటుంది, చన్నీళ్ళకు అది పూర్తిగా పోదు, తరువాత ఉతికినప్పుడు పక్క చారలోకి దిగుతుంది, సబ్బు వేసి మరిగే నీళ్ళలో ఉడికించి తీసెయ్యాలి అని. కట్టెలు మిగలాలని మా వీధిలో అందరూ చన్నీళ్ళలోనే జాడించేవాళ్ళు. నాయన అంతా విని, "అంత దూరం పోయి చదివొచ్చి, ఉడుకు నీళ్ళలో ఉతకమంటావా అమ్మా!" అని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. మర్నాడు పొద్దున్నే పొయ్యి రాజేశాడు.

ఇప్పుడు ఆ దేశపు విశ్వవిద్యాలయాల దగ్గర మన కాలేజీలన్నిటి జాబితాలు ఉన్నాయి, ఏ ఊరి మార్కుకు ఎంత విలువో ముందే రాసి పెట్టుకున్నారు. మంచిదే, మన పిల్లలకు ఆ నాలుగు వరుసల ఉత్తరం బాధ తప్పింది. కానీ మా రోజుల్లో మా చదువు విలువ వాళ్ళకు తెలియదు, నిజానికి మాకూ తెలియదు. ఒకరికి విడమరిచి చెప్పాల్సి వచ్చినప్పుడే, ఏం చదివానో, ఎవరి దగ్గర చదివానో, అది ఎంత గట్టి చదువో నాకు మొదటిసారి అర్థమైంది. అడ్డు చెప్పిన మనిషికి ఎదురుగా నిలబడి, ఆ మనిషి మనసు మారడం కళ్ళారా చూసే భాగ్యం కూడా అప్పుడే దొరికింది. ఈ మధ్య ఎక్కడ ఏ పని మీద పోయినా, నేను పోయేలోపే అవుననో కాదనో కంప్యూటరులో తేలిపోయి ఉంటోంది. ఎందుకని అడుగుదామంటే, ఎదురుగా మనిషి ఉండడం లేదు.