రాయెక్కిన సీసపు అక్షరాలు

రెండో ప్రపంచయుద్ధం మొదలైన మరుసటి ఏడాది, హైదరాబాద్ పాతబస్తీలో ఒక ప్రెస్సులో నన్ను ఇంగ్లీషు సెక్షన్‌కు హెడ్ కంపోజిటరుగా వేశారు. అక్షరాలు పేర్చే ముగ్గురి మీద పెత్తనమూ, సీసపు అక్షరాలుండే అరలపెట్టెల, అంటే టైపు కేసుల, పూచీ కూడా నాదే. గోడ అవతల రాతిఅచ్చు గది, అక్కడ ఉర్దూ పని. కాతిబు, అంటే దస్తూరీ రాసేవాడు, పసుపు పూత పూసిన కాగితం మీద జిడ్డుసిరాతో అందంగా రాసిస్తే, ఆ రాతను నున్నటి రాతిపలక మీదికి దించి అచ్చు తీసేవారు. ఆ గదికి పెద్ద కరీం ఉస్తాద్. సీసం వాళ్లమైన మాకూ, రాయి వాళ్లకూ పొద్దున లేస్తే లొల్లే.

మా కేసులన్నిటిలో విలువైన టైపును మోడరన్ అనేవాళ్లం. నిలువు గీతలు దిట్టంగా ఉంటాయి, అడ్డగీతలు వెంట్రుకంత సన్నం, కొసలకు అంతే సన్నని పట్టీలు. నున్నటి కాగితం మీద ఆ అక్షరాల దర్జా చూసి తీరాలి! అందుకే దావత్ కార్డులకూ, పెద్దవాళ్ల విజిటింగ్ కార్డులకూ అదే వాడేవాళ్లం. పుస్తకమంతా అందులో కూర్చితే మాత్రం కళ్లు జిగేలుమంటాయి. చిన్న సైజులో సన్నగీతలు మాయమై నిలువు గీతలే కనిపిస్తాయి.

దాని ప్రాణం ఆ సన్నగీతలోనే ఉంది. గరుకు కాగితం మీద అక్షరం సరిగ్గా దిగాలంటే మిషన్ ఒత్తిడి పెంచాలి, పెంచితే ఆ గీత అణుగుతుంది, లేదా విరుగుతుంది. యుద్ధంతో విలాయతు నుంచి టైపు రావడం ఆగిపోయింది. ఊళ్లో ఎవరూ ఆ అక్షరాలు పోత పోయలేరు. అది పాడైతే మా సెక్షన్‌కు వచ్చే మంచి పని పోతుంది, దానితో మా నలుగురి కొలువూ పోతుంది.

సరిగ్గా అప్పుడే పట్టుబట్టల వ్యాపారి గిర్ధారీ సేటు కొడుకు పెళ్లి కార్డుల పని తెచ్చాడు. ఒకవైపు ఉర్దూ, రెండోవైపు ఇంగ్లీషు. కాగితం తనే తెచ్చాడు, చేత్తో చేసిన మందపాటి గరుకు కాగితం. ఒక నవాబు గారింటి కార్డు చూపించి, ఆ అక్షరాలే కావాలన్నాడు. అవి మా మోడరన్ అక్షరాలే. కాగితమన్నా మార్చండి, అక్షరమన్నా మార్చండి అని బతిమాలాను. రెండూ మార్చనన్నాడు.

యజమాని మొహియుద్దీన్ సాబ్‌తో మొరపెట్టుకుంటే ఆయన నవ్వి, “టైపు ఉన్నది అచ్చు ఎయ్యనీకే గద నర్సన్నా, పూజ చేయనీకా?” అన్నారు. నాకు ఒళ్లు మండింది. అన్ని వందల కార్డులు ఆ కాగితం మీద గుద్దితే టైపు కరిగించుకోవడానికి తప్ప పనికిరాదని మొహం మీదే చెప్పాను. అయితే దారి కూడా నువ్వే చూపించమన్నారు.

దారి గోడ అవతలే ఉంది. కాతిబు రాత పసుపు కాగితం మీదుగా రాయెక్కుతోంది కదా, నా టైపును అదే కాగితం మీద ఒక్కసారి అచ్చు తీసి ఇస్తే అదీ ఎక్కాలి! రాయి మీద అక్షరం పైకి లేచి ఉండదు, అణిగేందుకూ విరిగేందుకూ ఏమీ లేదు. సీసం మీద పడే దెబ్బ ఒక్కటే.

కరీం ఉస్తాద్ ససేమిరా అన్నాడు. “ఇన్నొద్దులు మా రాయిని ఎక్కిరిచ్చి, ఇయ్యాల గదే కావాల్నా?” అని దెప్పాడు. “కావాలె భాయ్. నలుగురి అన్నం ముచ్చట ఇది,” అన్నాను. ఆయన అరలోంచి రాయి దించాడు.

మొదటిసారి సిరా ఎక్కువై అక్షరాల కడుపుల్లో ఉండే ఖాళీలు పూడిపోయాయి. “ఏందన్నా, నీ దొర అక్షరాలకు బురద అంటింది,” అని ఉస్తాద్ నవ్వాడు. రెండోసారి నేను సిరా పలచగా పట్టించి, మిషన్‌లో అచ్చు కాగితం వెనక ఉండే మెత్తటి కాగితాలు తీసి గట్టి అట్ట పెట్టి, తేలిగ్గా ఒక్క అచ్చు తీశాను. ఆయన రాయిని కొద్దిగా వేడి చేసి, ఆ అచ్చు కాగితాన్ని దాని మీద బోర్లా పరిచి ఒత్తాడు. తర్వాత కాగితాన్ని మెల్లగా ఒలిచాడు. సన్నగీతలన్నీ రాయి మీద ఉన్నాయి. నాకు పట్టలేనంత సంతోషం కలిగింది, ఉస్తాద్‌ను గట్టిగా వాటేసుకున్నాను. తర్వాత గరుకు కాగితాన్ని ముందే తడిపి మెత్తబరిచి, కార్డులన్నీ ఆయన గదిలోనే తీశాం.

సేటు వచ్చి కార్డు ముందువైపు చూడనే లేదు. బట్టల మనిషి కదా, ఇంగ్లీషు అచ్చు వెనక వైపు బొటనవేలితో తడిమాడు. మామూలు అచ్చయితే అక్కడ గుద్దిన గుర్తు చేతికి తగులుతుంది. “గుద్దుడే లేదు. అసల్ మాల్!” అన్నాడు. మొహియుద్దీన్ సాబ్ నావైపు చూసి తల ఊపారు. ఆ తర్వాత గరుకు కాగితం మీది ఇంగ్లీషు పనంతా రాతిగది మీదుగానే నడిచింది. యుద్ధం ముగిసేదాకా మా నలుగురిలో ఎవరి కొలువూ పోలేదు.

నేను పని మానేసిన రోజు కేసులు అప్పగిస్తూ ఆ టైపును కొత్త హెడ్ కంపోజిటరుకు చూపించాను. సన్నగీతలు నిలిచే ఉన్నాయి. ఏ పనికి ఏ అక్షరం మంచిదని అతను అడిగాడు. ముందు కాగితం చూపించమన్నాను.