కెర్రీ కొండదారిలో కాపరుల మనవలు

ఐర్లండ్‌లో కెర్రీ కొండల్లోకి వెళ్లే చిన్న బస్సులో నా పక్క సీట్లో కూర్చున్నతని పేరు యానిస్. రింగాస్కిడీ అనే రేవు ఊళ్లో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తాడట. తను వ్లాక్‌నని, వ్లాక్‌లంటే గ్రీసు కొండల్లో తరతరాలుగా గొర్రెలు కాసిన జనమని చెప్పాడు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. నేనూ మహబూబ్‌నగర్ కురుమల పిల్లవాణ్నే. తాతల గొప్పలు చెప్పుకుంటూ ఉండగానే బస్సు ఆగిపోయింది. రోడ్డు నిండా గొర్రెలు.

"మీరు కూర్చోండి, మాకిది కులవృత్తి," అని డ్రైవరుకు చెప్పి ఇద్దరం దిగాం.

యానిస్ మందకు ముందు నిలబడి ఏదో కూత పెట్టాడు. నేను వెనక చేరి "హెయ్, డుర్ర్" అని అదిలించాను.

"నువ్వూ ముందుకు రా! మా తాత ముందు నడిస్తే మంద వెనకే వచ్చేది," అని అరిచాడు.

"మా తాత వెనకనుంచే తోలేవాడు. అడ్డం లెయ్యి!" అన్నాను.

ఎవరి తాత పరువు వాళ్లది. మధ్యలో చిక్కుకున్న గొర్రెలు రోడ్డు పక్క గోడ దూకి, అక్కడి ఇంటి పెద్దావిడ క్యాబేజీ మడిలో పడ్డాయి.

ఆవిడ బయటికొచ్చి, దాణా బకెట్ గలగలలాడించుకుంటూ ఎదుటి పొలంలోకి నడిచింది. గొర్రెలన్నీ బుద్ధిగా వెంట వెళ్లాయి. "చూశావా, ముందే నడవాలి," అన్నాడు యానిస్.

గేటు వేసొచ్చి ఆవిడ అడిగింది. "మీరేం పని చేస్తుంటారు, అబ్బాయిలూ?"

"ఇతను మందులు తయారుచేస్తాడు. నాది సాఫ్ట్‌వేర్."

"గ్రాండ్, మంచి పనులే," అందావిడ, తొక్కేసిన క్యాబేజీల వైపు చూస్తూ. "అవే చేసుకోండి."