ములాఖత్‌కు వచ్చిన తల్లి

ఒక్క మాట ఇన్నేళ్లుగా గొంతులో ముల్లులా ఉంది. మింగలేకపోయాను, కక్కలేకపోయాను. ఇక్కడ నా పేరు రాయడం లేదు. మీది కరీంనగర్ అయితే నన్ను గుర్తుపట్టవచ్చు. పట్టినా సరే, ముందు మొత్తం చదవండి.

ఒకసారి ఎమ్మెల్యేగా గెలిచాను. రెండుసార్లు ఓడిపోయాను. ఓడిన నాయకుడి గడప తొక్కేవాడుండడు. తొంభైల్లో మా పట్నంలోకి కేబుల్ టీవీ వచ్చాక దాని యజమాని నన్ను పిలిచి, ఆదివారం పొద్దున ఒక కార్యక్రమం నడపమన్నాడు. పెద్దమనుషులను కూర్చోబెట్టి వాళ్ల బతుకు ముచ్చట్లు చెప్పించాలి. ఎదుటివాడు నోరు విప్పాలంటే ముందు నా ఇంటి సంగతి ఒకటి చెప్పేవాణ్ణి. అసలే మైకు దొరికితే వదలని జాతి మాది. జనం బాగానే చూశారు.

ఇప్పుడు అసలు సంగతి. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో నేనూ నా దోస్తు మల్లేశం జైలుకు పోయాం. ఇద్దరం చదువుకునే పిల్లలమే. మా బాపు ఊరి పటేలు. పరువు తీశానని ఇంట్లో ఎవరినీ జైలు వైపు పోనివ్వలేదు. నన్ను కన్న అవ్వ కూడా ఆయన మాట దాటలేదు. మల్లేశం తల్లి లచ్చవ్వ బీడీలు చుట్టేది. వారం వారం జొన్నరొట్టెలు, పుంటికూర తొక్కు మూటగట్టుకుని వచ్చేది. ములాఖత్‌కు సొంతవాళ్లనే రానిస్తారు. నాకెవరూ రావడం లేదని తెలిసి, ఇద్దరూ తన కొడుకులేనని జైలు జమాదారుతో అబద్ధమాడి, నాకూ తానే తల్లినని వేలిముద్ర వేసింది. రొట్టెలు ఇద్దరికీ సమానంగా పంచేది.

ఒక ఆదివారం కార్యక్రమంలో ఒక రిటైరైన పంతులు తన తల్లి గురించి చెప్పలేక తటపటాయిస్తున్నాడు. ఆయనకు ధైర్యం ఇవ్వడానికి నేను జైలు ముచ్చట ఎత్తుకున్నాను. లచ్చవ్వ గురించే మొదలుపెట్టాను, నమ్మండి. కానీ మరి మీ అవ్వ ఎందుకు రాలేదని ఊరంతా అడగదా? బాపు పేరు ఏం కావాలి? మళ్లీ నిలబడాలన్న ఆశ కూడా నాలో చావలేదు. ఇదంతా ఆ క్షణంలోనే ఆలోచించానా, లేక ఇప్పుడు సాకులు వెతుక్కుంటున్నానా? తెలియదు. "మా అవ్వ వారం వారం రొట్టెలు మోసుకొచ్చేది" అన్నాను. కళ్లవెంట నీళ్లు కారాయి. అవి నిజమైన కన్నీళ్లే. అదే నాకు ఎక్కువ సిగ్గు. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఆ రెండోవాణ్ణి నేనే. అప్పటికి కాలం చేసిన మా అవ్వను ఊరంతా మహాతల్లి అంది.

మర్నాడు లచ్చవ్వ మా ఇంటికొచ్చింది. కుర్చీ వేస్తే వద్దని అరుగు మీద కూర్చుంది.

"టీవీల సూసిన బిడ్డా. రొట్టెలు తెచ్చింది నేను గద?"

"నువ్వేనే అవ్వా. నోరు జారిన."

"మీ అవ్వను యాద్ జేసుకున్నవ్, మంచిదే. గని గిన్నేండ్లు మా వాడకట్టుల నేను గీ ముచ్చటనే జెప్పుకున్న. ఇప్పుడు బీడీల కాడ అందరు నవ్వుతుండ్రు. పటేలమ్మ చేసిందాన్ని ముసల్ది తనే చేసినట్టు జెప్పుకుందంటుండ్రు. ఒక్కసారి జెప్పు బిడ్డా, లచ్చవ్వ గూడ వచ్చిందని. గూడ అను, సాలు."

"వచ్చే ఐతారం చెప్తనే అవ్వా. ఫికర్ జెయ్యకు."

చెప్పలేదు. ఒక వారం వచ్చిన అతిథి పెద్దవాడు, ఆయన ముందు బాగుండదనుకున్నాను. ఇంకో వారం సమయం చాలలేదు. తర్వాత సాకు కూడా వెతకలేదు. ఆమె అడగడానికి మళ్లీ రాలేదు. మరచిపోయిందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఏడాది తిరగకముందే లచ్చవ్వ పోయింది. దండ పట్టుకుని పోయాను. ప్రతి ఆదివారం చేతిలో పని వదిలేసి, పక్కింటి టీవీ ముందు కార్యక్రమం అయిపోయేదాకా కూర్చునేదని కోడలు ఏడుస్తూ చెప్పింది. బీడీల ముసలమ్మ చావుకు కూడా వచ్చాడు, ఎంత మంచి మనసని అక్కడి జనం నన్ను మెచ్చుకున్నారు. అప్పుడైనా నోరు తెరిచానా? లేదు. మల్లేశం నా చెయ్యి పట్టుకున్నాడు. వాడి ముఖం చూడలేకపోయాను.

క్షమించమని ఎవరినీ అడగడం లేదు. అడగవలసిన మనిషి లేదు. రాస్తుంటే గుండె కొంచెం తేలికపడుతోంది. ఆ తేలికకు నాకు హక్కుందో లేదో మీరే అనుకోండి. లచ్చవ్వ కూడా వచ్చిందని మాత్రం రాయను. అదీ అబద్ధమే. పాపం, తక్కువ అడిగింది.

జైలుకు వచ్చింది లచ్చవ్వ ఒక్కతే. మా అవ్వ రాలేదు.