సగం చేసి చెప్పిన మంచు

మొన్న బత్తలపల్లెలో బస్సు కోసం టీ అంగట్లో కూచుంటే, అక్కడి టీవీలో ఆ రాత్రికి హిమాలయాల్లో నాలుగడుగుల మంచు పడవచ్చని చెప్పినారు. బయట ఎండకు తారు మెత్తబడుతుంటే పక్కనున్నవాళ్లు ఆ మంచు కొంచెం ఇటు పంపితే బాగుండునని నవ్వుకున్నారు గానీ, నాకు మాత్రం వేడి గ్లాసు పట్టుకున్న వేళ్లు చల్లబడినాయి.

నాకు ఇరవై రెండేండ్లప్పుడు, వరుసగా మూడేండ్లు వేరుశనగ ఎండిపోయినాక, మా మేనమామ ఊరివాళ్లను ఐదుగురిని వెంటబెట్టుకుని ఆ కొండల్లో రోడ్డు పనికి పోతూ నన్నూ తీసుకుపోయినాడు. పదో తరగతి చదివినవాణ్ణని నాకు కూలీల హాజరు రాసే పని ఇచ్చినారు. నేనూ మరికొందరు కూలీలూ పడుకునే రాతి షెడ్డు గోడకు గాలి ఒత్తిడిని ముల్లుతో చూపే పరికరం ఒకటి ఉండేది. ఎవరూ నేర్పకపోయినా, సాయంత్రం ఆ ముల్లు ఎన్ని గీతలు దిగింది, గాలి ఏ దిక్కు నుంచి వీచింది, తెల్లారి కొలకర్ర మీద మంచు ఎంత లేచింది అని రోజూ రాసుకుంటూ పోతే, రెండో చలికాలానికి నా లెక్క జానెడు తేడాలో నిలబడసాగింది. మూడడుగులు దాటుతుందని నేను చెబితే, కింద గుడారంలో పడుకునే మామవాళ్లు ఆరుగురూ ఆ రాత్రికి మా షెడ్డులోకి వచ్చి పొగలో ఇరుక్కుని పడుకోవాలి. అది అక్కడి కట్టుబాటు.

ఆ సాయంత్రం గాలి పూర్తిగా నిలిచిపోయింది. చలి కూడా తగ్గింది, అదే వింత. సామాన్లు మోసే కంచరగాడిదలు మేత ముట్టకుండా అన్నీ ఒకే దిక్కుకు తలలు పెట్టి నిలబడినాయి. లెక్క వేస్తే నాలుగున్నర అడుగులు వచ్చింది. మళ్లీ వేసినా అంతే. అంత ఎప్పుడూ రాలేదు. మా నాయన విత్తనం వేసేముందు మబ్బును చూసి, ఎంత వాన అనిపిస్తే అందులో సగమే లెక్కలోకి తీసుకునేవాడు. మా నేలలో పుట్టినవాడెవడూ మబ్బును పూర్తిగా నమ్మడు. నా చెయ్యి దానంతటదే ఆ అంకెను కొట్టేసి సగం చేసింది.

"ఏమప్పా అల్లుడా, ఈపొద్దు యెంత పడుతుంది?" అని కింద నుంచి మామ కేకేసినాడు.

"రెండడుగుల పైన కొంచెం, మామా."

"అంతేనా! అయితే ఈడనే పండుకుంటాం పో. మీ షెడ్డు పొగకు నా కండ్లు పోతాండాయి."

తెల్లారి తలుపు తెరుచుకోలేదు. కిటికీలోంచి దూకితే నడుము దాకా దిగిపోయినాను. గుడారం లేదు, అక్కడ ఎన్నడూ ఏమీ లేనట్టు తెల్లగా ఉంది. షెడ్డు నుంచి గుడారానికి అరవై రెండు అంగలని నాకు తెలుసు, కానీ మంచులో అంగ సాగక, ఎన్ని వేసినా చోటు తేలలేదు. అప్పుడు గిన్నె మీద గరిటెతో కొట్టినట్టు సన్నని చప్పుడు వినబడింది. ఒకసారి నా కాళ్ల కింద, ఒకసారి వెనక, ఒకసారి ఎదురుగా కొండ లోపలి నుంచి. తర్వాత అదీ ఆగిపోయింది. కాళ్ల కింద విన్న చోటే చేతులతో తవ్వడం మొదలుపెట్టినాను. షెడ్డులోవాళ్లు పారలతో వచ్చినారు. రెండుచోట్ల తప్పి, మూడోచోట గుడారం గుడ్డ తగిలింది. ఆరుగురూ ప్రాణాలతో ఉన్నారు.

మామ నీలబడిన పెదవులతోనే, "ఇదేనా అల్లుడా నీ రెండడుగులు?" అని నవ్వినాడు. కొట్టేసిన అంకె సంగతి నేను ఆయనకు చెప్పలేదు.

ఊరికొచ్చినాక మామ మళ్లీ ఎన్నడూ నాలుగు గోడల మధ్య పడుకోలేదు. ఆయన పోయింది కూడా ఆరుబయట మంచం మీదే. ఆ రోజుల్లో వీధంతా బయటే పడుకునేది కాబట్టి అది ఎవరికీ వింతగా తోచలేదు. పక్క మంచాల్లో ఎవరో ఒకరు దగ్గడం, పొర్లడం వింటూ నేనూ నిశ్చింతగా నిద్రపోయేవాణ్ణి. ఇప్పుడందరూ తలుపులు బిగించుకుని లోపలే పడుకుంటున్నారు. తెల్లవారుజామున నడకకు పోతూ, మూసిన ఒక్కో తలుపు దగ్గరా, లోపల ఎవరో ఒకరు కదిలినట్టు తెలిసేదాకా నిలబడిపోతాను.