కుడికాలి పసుపు

దెయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఈ మాట ముందే రాసిపెట్టడం మంచిది. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న భయంకర నవలలు దిండు కింద దాచుకుని చదివిన రోజుల్లో కూడా, పుస్తకం మూయగానే నాకు హాయిగా నిద్రపట్టేది. పోయినవాళ్ళు తిరిగి వస్తారని ఇప్పటికీ అనుకోను. అయినా ఈ ఒక్క సంగతి మిగిలిపోయింది. డైరీలో ఎన్నోసార్లు మొదలుపెట్టి కొట్టేశాను. ఈసారి చివరిదాకా రాస్తాను.

మద్రాసులో ట్రాములు ఆగిపోయిన కొత్తలో జరిగింది. బండ్లు పోయాయి గాని కొన్నిచోట్ల పట్టాలు ఇంకా రోడ్డులోనే ఉండేవి. వాన వెలిసిన ఒక పొద్దున జార్జి టౌన్‌లో తోపుడుబండికి దారి ఇవ్వబోయి పక్కకు జరిగాను. చెప్పు ట్రాం పట్టా గాడిలో ఇరుక్కుంది. నేను పక్కకు పడ్డాను, పాదం మాత్రం అక్కడే ఉండిపోయింది. చూస్తే కుడిపాదం బయటి వైపుకు తిరిగిపోయి ఉంది. నొప్పికంటే ముందు, అంతమంది నన్ను చూస్తున్నారన్న సిగ్గే నాకు గుర్తు.

ఆస్పత్రిలో ఎక్స్‌రే తీశారు. చీలమండ రెండు పక్కలా విరిగిందనీ, లోపలి వైపు ఎముక ముక్క జరిగిపోయిందనీ చెప్పారు డాక్టరుగారు. కోసి, ముక్కను చోటికి చేర్చి, మరమేకు బిగించాలి. లేకపోతే బతికినన్నాళ్ళూ అడుగు వంకరగానే పడుతుంది.

నాయనమ్మ ఒప్పుకోలేదు. మాది తరతరాలుగా మద్రాసు చూలైలో ఉన్న కుటుంబం. ఎవరికి ఎముక విరిగినా చిత్తూరు వైపు వెళ్ళి, ఆకుపసరు పూసి వెదురు దబ్బలతో కట్టు కట్టించుకు రావడమే మా ఇంటి అలవాటు.

"మేకులు కొట్టేదానికి అదేమన్నా తలుపా? బండి మాట్లాడు, పోయి కట్టు కట్టించుకోని వద్దాం" అంది నాన్నతో.

"వంకరగా అతుక్కుంటే ఎట్టమ్మా?"

"ఈడ కోసినాక నేరుగా నడస్తాదని నీకెవురు చెప్పినారు?"

ఇద్దరూ నా వైపు చూశారు. పెద్దల ముందు నాకు నోరు పెగలదు. ఆపరేషన్ చేయించుకుంటానని తల మాత్రం ఊపాను. నాయనమ్మ నా పాదం పక్కన చెయ్యి ఆనించి, "సరి పో. నువ్వు నడిచేదాకా నేను చూస్తా. ఆ కాలికి మళ్ళీ నేనే పసుపు పూస్తా మే" అంది.

మా ఇంట్లో అది చిన్న మాట కాదు. శుక్రవారం తలంట్లయ్యాక నేనూ చెల్లెళ్ళూ పెరటి మెట్టు మీద వరసగా కూర్చుంటే, అందరి పాదాలకూ నాయనమ్మే పసుపు పూసేది. కొట్టిన పసుపు ఆమెకు నచ్చదు. కొమ్మును సాన మీద నీళ్ళతో అరగదీసేది. వేళ్ళ నుంచి చీలమండ పైదాకా నిండుగా పూసి, చీలమండ బయటి గుబ్బ మీద మాత్రం బొటనవేలంత మేర వదిలేసేది. ఏ లోటూ లేకుండా ఉంటే దిష్టి తగులుతుందట. తడి ఆరేదాకా కదలకూడదు. నేను కదలకుండా చదువుకునేదాన్ని. ఆ మెట్టు మీద చదివినన్ని పుస్తకాలు ఇంకెక్కడా చదవలేదు.

ఆపరేషన్ సంగతి ఈథర్ వాసన తప్ప ఏమీ గుర్తులేదు. తెలివి వచ్చేసరికి మోకాలి కింద నుంచి వేళ్ళ మొదళ్ళ దాకా మావుకట్టు, అదే పిండికట్టు, వేసి ఉంది. కుట్లు తీయడానికి లోపలి వైపు చిన్న కిటికీలా కోసి, మళ్ళీ మూసేశారు. మిగతా కట్టు చివరిదాకా ఎవరూ విప్పలేదు.

అమ్మ రోజూ క్యారియర్ తెచ్చేది. నాయనమ్మ రాలేదు. కీళ్ళ నొప్పితో మెట్లు ఎక్కలేకపోతోందని అమ్మ చెప్పేది. నాన్న కూడా కొన్నాళ్ళు కనిపించలేదు. ఒకరోజు గుండుతో వచ్చాడు.

"తిరుపతి పోయొచ్చినా. నీ కాలికి మొక్కుకోనుంటి" అన్నాడు, కిటికీ వైపు చూస్తూ.

నా కోసం జుట్టిచ్చాడని పొంగిపోయాను.

కట్టు లోపల దురద భరించలేకపోయేదాన్ని. విసనకర్ర పుల్ల దూర్చి గోక్కుంటే నర్సు లాగేసుకునేది. అమ్మ తలస్నానం చేసి తడి ముడితో వచ్చే శుక్రవారాల్లో మాత్రం, ఆమె వెళ్ళిపోయిన మధ్యాహ్నం ఆ దురద ఆగేది. వేళ్ళ మొదళ్ళ నుంచి పైకి, తడి అరచెయ్యి నిదానంగా పాకినట్టు చల్లబడేది. చీలమండ బయటి గుబ్బ దగ్గర మాత్రం దురద అలాగే ఉండేది.

పక్క మంచం మీద చెయ్యి విరిగిన ఆమె ఒకరు, ఎన్నూరు నుంచి వచ్చినావిడ, ఒక శుక్రవారం లేచి కూర్చుని అడిగింది. "ఎవురమ్మా ఈడ పసుపు అరగదీసేది? వాసన కమ్మగా వస్తాంది."

వార్డులో ఫినాయిల్ తప్ప ఏముంటుంది? ఇల్లు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

కట్టు కోసిన రోజు అమ్మ పక్కనే ఉంది. పెద్ద కత్తెరతో కోసి రెండు చిప్పలు విడదీశారు. కాలు సన్నబడి, పొట్టు లేచి, నాది కానట్టుంది. కట్టు కింద ఉన్నంత మేరా పాదం పచ్చగా ఉంది.

"ఆపరేషన్‌కు ముందు పూసిన మందు. కడిగితే పోతుంది" అన్నారు డాక్టరుగారు.

నాకూ అదే సబబుగా తోచింది. బయటి గుబ్బ మీద బొటనవేలంత మేర తెల్లగా ఉండడం చూశాను.

నన్ను దింపడానికి అమ్మ వంగి మడమ పట్టుకుంది. అంతకుముందే తాంబూలం వేసుకుంది కాబోలు, వేలికి సున్నం ఉంది. ఆ వేలు తగిలిన చోట పచ్చదనం ఎర్రబడింది, పారాణి పెట్టినట్టు. అమ్మ తన వేలు చూసుకుంది. నా మడమ చూసింది. అక్కడే నేల మీద కూలబడింది.

"మీ నాయనమ్మ లేదు మే. నీకు కోసిన వారంలోనే పోయింది. నువ్వు తట్టుకోలేవని మేమే చెప్పలేదు."

నాన్న గుండు తిరుపతి గుండు కాదని అప్పుడు తెలిసింది.

తర్వాత ఒకసారి ధైర్యం చేసి డాక్టరుగారిని అడిగాను. కొన్ని మందులు కూడా సున్నం తగిలితే రంగు మారవచ్చు అన్నారు. అయ్యుండవచ్చు. మందు పూసినవాళ్ళు ఆ గుబ్బ ఒక్కటీ ఎందుకు వదిలారో ఆయనా చెప్పలేదు, నాకూ తెలియదు. పక్క మంచం ఆమెకు వచ్చిన వాసన సంగతి ఆయనతో అనలేకపోయాను.

ఆ మరకను కడగనివ్వలేదు. దానంతటదే పోయింది. ఇప్పుడు నేరుగానే నడుస్తున్నాను. మరమేకు ఇంకా లోపలే ఉంది, వాన ముసురుకు సలుపుతుంది.

శుక్రవారం అదే మెట్టు మీద కూర్చుని, అదే సాన మీద కొమ్ము అరగదీస్తాను. ఎడమకాలికి పూసుకుంటాను. కుడికాలి దగ్గరికి వచ్చేసరికి, నమ్మకం లేకపోయినా, కాసేపు ఆగుతాను.