తొమ్మిదో నెంబర్ కథ మీద దూలయ్య తీర్పు

మా గని క్వార్టర్ల లైన్లో దూలయ్య చదవని కాగితం లేదు. బజ్జీలు కట్టిచ్చిన పేపర్ ముక్కను నూనె తుడిచి మరీ చదువుతాడు. కరెంటు బిల్లు వెనక నిబంధనలు, సబ్బు పెట్టె మీద రాతలు, పెళ్లిపత్రిక అడుగున ఉండే చిన్నపిల్లల పేర్లు, ఏదీ వదలడు. మణుగూరు బస్సులో ఆయన పక్కన కూర్చుని పేపర్ తెరిస్తే మన పని అయిపోయినట్టే. తాను చదవడం పూర్తయ్యేదాకా పేజీ తిప్పనివ్వడు.

ఆ ఆకలి ఎక్కడిదో నాకు తెలుసు. ఆయన పుట్టింది అడవిలో చిన్న గూడెం. తండ్రి బొజ్జయ్య తునికాకు కోసి బతికినవాడు. ఆ గూడెంలో అచ్చక్షరాలంటే యూరియా బస్తాల మీద ఉన్నవే. ఆశ్రమ పాఠశాలలో చదువు నేర్చి సెలవులకు ఇంటికొచ్చిన దూలయ్య, ఇంకేం దొరక్క, వానకు నెత్తిన కప్పుకునే బస్తానే మళ్లీ మళ్లీ చదివాడట. తర్వాత గనిలో పంపు ఆపరేటర్ అయ్యాడు. పంపు నీళ్లు తోడుతుంటే పక్కన కూర్చుని కనిపెట్టి ఉండాలి. చదివేవాడికి అంతకంటే ఏం కావాలి?

ఆయన భార్య సుజనది, నాది పక్కపక్క క్వార్టర్లు. ఇద్దరికీ ఒకటే పెరటి గోడ. దూలయ్య అన్నం తింటూ చదువుతాడు, బాగుందనిపిస్తే పైకి చదివి వినిపిస్తాడు. సుజన వడ్డిస్తూ వింటుంది. పెళ్లయినప్పటి నుంచీ ఆ ఇంట్లో మాటలన్నీ అచ్చయినవే.

ఇలా ఉండగా మా కాలనీ వాట్సాప్ గ్రూపుకు పెద్దయిన మంగయ్య యాభై మాటలు దాటని కథల పోటీ పెట్టాడు. యూనియన్లో లీడర్‌గా చేసి రిటైరైన మనిషి, చేతులు ఊరికే ఉండవు. రాసినవాళ్లు కథలు నాకు పంపాలి. నేను పేర్లు తీసేసి, నెంబర్లేసి గ్రూపులో పెట్టాలి. అందరూ చదివి తలా ఒక ఓటు వెయ్యాలి, ఎవరి కథకు వాళ్లు వేసుకోకూడదు. పేర్లు దాచే పూచీ నాది, అందుకే నాకు ఓటు లేదు. నేను దాచాను. రాసినవాళ్లే దాచుకోలేకపోయారు.

ఒక్క సుజన దాచింది. ఒక మధ్యాహ్నం గోడ మీదుగా ఫోన్ అందించి, "శారదక్కా, నేనొకటి రాసిన, చూడు" అంది. చూశాను.

"ఆయన ఏ కాగితం దొరికినా చదువుతాడు. ఆమె తన మందు గోళీల అట్టను అన్నం పళ్లెం పక్కన పెట్టింది. ఆయన ముందూ వెనకా తిప్పి అంతా చదివాడు. 'ఇంకో ఏడాది దాకా పనిచేస్తాయి' అన్నాడు. ఎవరికని అడగలేదు."

"ఇది జరిగిందా?" అన్నాను.

"పోయిన వానకాలం. నోటితోని చెప్తే ఇంటడో లేదో. గ్రూపుల వస్తే ఎట్లైనా చదువుతడు. చదివినంక నన్నేమన్న అడుగుతడేమో చూద్దమని."

"మరి ఓట్లు?"

"ఓట్లెందుకక్కా? ఆయనొక్కడు చదివితే చాలు."

దానికి తొమ్మిదో నెంబరు వేశాను.

ఇక ఓటింగ్ సంగతి. యూనియన్ ఎన్నికల్లో పండిపోయిన జనం మాది. ఓటు అనే మాట చెవిన పడ్డాక ఊరుకుంటారా? మర్నాటికే గని గేటు దగ్గర ప్రచారం మొదలైంది. క్యాంటీన్ రాజు చాయ్ గ్లాసుతో పాటు "అన్నా, నాలుగో నెంబర్, మరువకు" అని కలిపి ఇచ్చాడు. డంపర్ నడిపే దేవ్‌సింగ్ తనది ఫస్ట్ షిఫ్టు కథ అని ప్రకటించుకున్నాడు. దాంతో సెకండ్ షిఫ్టు వాళ్లకు పౌరుషమొచ్చి రాజు వెనక చేరారు. నైట్ షిఫ్టు ఎటు మొగ్గితే వాళ్లదే గెలుపని మంగయ్య లెక్కలు కట్టాడు. కథల్లో ఏముందని ఒక్కరూ అడగలేదు.

అడగకపోవడమూ మంచిదే. సగానికి పైగా కథల్లో చివరి వాక్యానికి ఎవరో ఒకరు చచ్చి ఉంటారు. తలుపు తీస్తే దయ్యం, ఫోన్ ఎత్తితే పోయిన నాన్న. రాజు కథలో భార్య చాయ్ తెస్తుంది, భర్త తాగుతాడు, చూస్తే ఇద్దరూ ఏడాది కిందటే పోయినవాళ్లు.

ఈ గోలలో దూలయ్య ఒక్కడే పంపు పక్కన కూర్చుని అన్ని కథలూ చదివాడు. చదవడమే కాదు, ఒక్కోదాని మీద తన తీర్పు గ్రూపులో పెట్టాడు. రాజు కథ కింద "ఇద్దరూ చచ్చిపోతే చాయ్‌పత్తా ఎవరు తెచ్చిండ్రు?" అని అడిగాడు. రాజుకు ఒళ్లు మండింది. "దూలన్నా, నిన్నెవరు చదవమన్నరు? ఓటెయ్యి చాలు" అని బదులిచ్చాడు. దానికి ముప్పై మంది చప్పట్లు కొట్టారు.

సాయంత్రం ఇంటికొచ్చి అన్నానికి కూర్చున్నాక తొమ్మిదో నెంబర్ వంతు వచ్చింది. దూలయ్య ఇలా రాశాడు: "భాష బాగున్నది. కానీ నమ్మేటట్టు లేదు. ఇంట్ల గోళీలు కనిపిస్తే ఎవరికని అడగని మనిషి ఉంటడా? రాసినవాళ్లు మనుషులను ఇంకా దగ్గరి నుంచి చూడాలె."

వంట చేస్తూ కాస్త ఆలస్యంగా చూశాను, నా ఒళ్లు భగ్గుమంది. గరిటె పొయ్యి మీదే వదిలి గోడ దగ్గరికి పరుగెత్తాను. సుజన పెరట్లో గిన్నెలు తోముతోంది.

"చూసినవా ఏం రాసిండో?"

"చూసుడెందుకక్కా, అన్నం తినుకుంట ఆయనే చదివి వినిపించిండు. కథ ఒకసారి, ఆయన రాసింది రెండుసార్లు."

"నువ్వేమన్నవ్?"

"పులుసు ఇంకొంచెం పొయ్యాల్నా అన్న."

చెప్పి తనే నవ్వింది. నాకు నవ్వు రాలేదు. "ఇప్పుడే పోయి ఆయన మొహాన చెప్త" అన్నాను. ఆమె తడిచేత్తో నా చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా. చెప్పించుకుని అడిగితే అది అడిగినట్టా?" నవ్వుతున్న మనిషి కళ్లు అప్పుడు చూశాను. పొయ్యి మీద వదిలిన గరిటె దగ్గరికే తిరిగి వెళ్లాను.

ఆదివారం కమ్యూనిటీ హాల్లో ఫలితాలు. గెలుపు రాజుదే. కాలనీలో ఉన్న మనుషుల కంటే పడిన ఓట్లు ఎక్కువ. రాజు కుసుమంచి బావమరుదులను, జూలూరుపాడు మేనమామలను ఒక్కపూట కోసం గ్రూపులో చేర్పించాడు. వాళ్లు ఓట్లు గుద్ది, అదే పూట బయటికెళ్లిపోయారు. మంగయ్య మైకు పట్టుకుని, "సాహిత్యమంటే జనానికి గింత ప్రేమున్నదని నాకే తెల్వదు" అని కళ్లు తుడుచుకున్నాడు. రాజుకు శాలువా కప్పారు. గెలిచిన కథ చదవమని ఎవరో అడిగితే, రాజు ఫోన్లో అది ఎక్కడుందో దొరకలేదు.

"మిగిలినోళ్ల పేర్లు ఎందుకు శారదమ్మా, బజ్జీలు చల్లారుతున్నయి" అన్నాడు మంగయ్య. నేను మైకు లాక్కున్నాను. ఈ నిమిషం కోసమే ఇన్నాళ్లూ పళ్లు బిగించుకుని కూర్చున్నాను మరి. ఒకటో నెంబర్ నుంచి రాసినవాళ్ల పేర్లు, ఓట్లు చదువుతూ పోయాను. జనం బజ్జీల మీద పడ్డారు. వింటున్నది దూలయ్య ఒక్కడే. పొట్లం చేతికొచ్చినా విప్పకుండా, తన తీర్పుల్లో ఎన్ని నిలిచాయో చూసుకుంటున్నట్టు ఒక్కో పేరుకు తల ఊపుతున్నాడు.

"తొమ్మిదో నెంబర్" అన్నాను. గొంతు కావాలనే పెంచాను. "ఓట్లు సున్నా. రాసింది సుజన. మన దూలయ్య భార్య."

తల ఊపడం ఆగింది.

పదో నెంబర్ చదవడం నావల్ల కాలేదు. మైకు మంగయ్య చేతిలో పెట్టి కిందికి దిగాను. దూలయ్య ఆడవాళ్ల వరుసలోకి వచ్చి సుజన ముందు నిలబడ్డాడు. చేతిలోని పొట్లం కాగితం మీద అక్షరాలు పైకే కనబడుతున్నాయి. ఆయన వాటి వంక చూడలేదు. భార్య మొహాన్నే ఈ చివర నుంచి ఆ చివరకు చూస్తున్నాడు.

"ఆ గోళీలు నీకేనా?"

"అవ్."

"జరమా?"

"అవ్."

"ఇప్పుడెట్లున్నది?"

సుజన తన పక్క కుర్చీలో నుంచి సంచి తీసి చోటిచ్చింది.

"తగ్గింది. పోయిన వానకాలమే తగ్గింది."