సిస్టరమ్మ తిప్పి పంపిన పళ్లెం

మా పెద్దోడి గుండె బాగుండాదంట! నిన్న రొమ్ముకు తీగలు తగిలించి ఈసీజీ తీసిన డాక్టరే చెప్పినాడు, ఏ వంకా లేదని. మా అన్న పోయిన వయసును వాడు దాటేసినాడు. నా కాళ్లు నేల మీద నిలవడంలేదు. కానీ ఈ మాట మొదట వినాల్సిన పక్కింటి సిస్టరమ్మ పోయిన ఆదివారమే కన్నుమూసింది. పండు వయసులో, నిద్రలోనే.

ఆమె గుంటూరు పక్కనుంచి వచ్చిన ఆసుపత్రి నర్సు. మేము దొడ్డబళ్ళాపురంలో మగ్గాలు వదిలి యలహంకలో దిగినోళ్లం. డెబ్భైల మొదట్లో మా రెండిళ్ల మధ్య ఉండింది నడుమెత్తు గోడే. మా నాయనా, అన్నా ఇద్దరూ చిన్న వయసులోనే గుండెనొప్పితో పోయినారు. నేను మా అమ్మ పోలిక, గట్టోణ్ణి. పెద్దోడు మాత్రం అచ్చం మా అన్నే, మొహమూ ఆకలీ కూడా. పద్నాలుగేళ్లకే నాలుగు మెట్లెక్కితే ఆయాసం. పట్నమొచ్చినాక రాగిసంగటి కూలోళ్ల తిండి అయిపోయింది మాకు. పూరీలు, వనస్పతిలో వేయించిన బోండాలు, దండిగా ఊరగాయ. బిడ్డకు తక్కువ చెయ్యకూడదని మా ఇంటామె పట్టుదల.

ఏం చేసినా పక్కింటికి ఒక పళ్లెం పంపాల కదా. బోండాలు పంపితే సిస్టరమ్మ వద్దనలేదు. అయితే వచ్చిన పళ్లెం ఖాళీగా తిప్పి పంపకూడదు. ఆమె మొలకెత్తిన పెసలూ కీరకాయ ముక్కలూ నింపి, పైన నిమ్మరసం పిండి పంపింది, ఉప్పు చిటికెడే. మా ఇంటామెకు ఉక్రోషమొచ్చి మైసూరుపాకు పంపింది. జామకాయలు వచ్చినాయి. వడలు పోతే ఉడికించిన శనగలు. కొన్నాళ్లకు మా పెద్దోడు గోడకాడ నిలబడి, ఈపొద్దు ఏమొస్తాదా అని చూడ్డం మొదలుపెట్టినాడు.

నా బిడ్డ తినేది చూసి ఓర్వలేవా అని మా ఇంటామె ఒకనాడు అడిగేసింది. సిస్టరమ్మ నవ్వింది.

"గుండెనొప్పితో మా వార్డుకొచ్చే మగాళ్లంతా ఇకమీదట పథ్యం చేస్తామంటారు వదినా, చెయ్యలేరు. నాలుకకి రుచి ఈ వయసులోనే అంటుకుంటుంది. ఇప్పుడు నేర్పితే, తర్వాత నువ్వు వెంట లేకపోయినా ఫర్వాలేదు."

ఆ సాయంత్రమే మా ఇంటామె రాగిపిండి తెప్పించింది. పెద్దోడు మొండికేసినాడు, సంగటి తింటే స్కూల్లో పల్లెటూరోడంటారని. సిస్టరమ్మ పిలవకుండానే వచ్చి వాడి పక్కన కూర్చుని, ఆకుకూర పప్పులో ముద్ద అద్దుకొని నమిలింది. నమిలేకొద్దీ పండ్లకు అతుక్కుపోయింది. కోస్తా ఆమెకు ఏం తెలుసు పాపం. వాడు పడీపడీ నవ్వి, "నమలకూడదు సిస్టరమ్మా, మింగాల" అని తానే ముద్ద చేసి మింగి చూపించినాడు. ఒకటి కాదు, రెండు. మా ఇంటామె నా పక్క చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

క్రిస్మసుకు ఆమే గారెలు చేసి పంచేది. ఇదేందమ్మా అంటే, "పండగ పండగలా తిను అన్నయ్యా, రోజూ పండగ చేసుకోకు" అనేది.

పోయిన సోమవారం ఆమె పెట్టెను మోసినోళ్లలో మా పెద్దోడు ముందుండాడు. సమాధుల తోట దాకా భుజం మార్చలేదు, ఒక్క ఆయాసం లేదు.

ఇంక ఈ మంచిమాట చెప్పాల్సినోళ్లు ఉండారు. వర్తూరులో మా చెల్లెలు. దొడ్డబళ్ళాపురంలో మా బామ్మర్ది, వాడి మనవళ్లకు ఇప్పుడే మీసాలొస్తా ఉండాయి. గుంటూరులో సిస్టరమ్మ కూతురు. అందరికన్నా ముందు హిందూపురంలో మా వదిన, అన్న భార్య. పెద్దోడు ఆమె ఇంటికి పోయినప్పుడల్లా వాడి రొమ్ము మీద అరచెయ్యి ఆనించి, కండ్లు మూసుకొని, గుండె కొట్టుకునేది లెక్కపెట్టుకుంటాది.